ఒంట్లో సెగ, వీధిలో డప్పు

పోయిన వారం నారాయణమ్మను బస్సెక్కించి మనం చేతులు దులుపుకున్నాం. పాపం, ఆమె ఇంకా బస్సులోనే ఉంది. సింహాచలం కొండకి వెళ్లొస్తానని ఇంట్లో చెప్పి, కంచరపాలెం మెట్టు దగ్గర కొండ బస్సు వదిలేసి, పోర్టు వైపు వెళ్లే పాతపట్నం బస్సెక్కింది. అప్పన్న స్వామి పేరు చెప్పి అబద్ధమాడినందుకు దారి పొడుగునా లెంపలేసుకుంటూనే ఉంది. పక్క సీట్లో కూర్చున్న షరీఫున్నీసా, వీధిలో ఆడవాళ్లందరికీ రవికలు కుట్టే మనిషి, ఇక ఊరుకోలేకపోయింది.

"సాల్లే అప్పా, బుగ్గలు వాసిపోతాయి. డాక్టరమ్మ పంటి నొప్పనుకుంటాది."

ఈ కథ ఇవాళే చేతికందిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నారాయణమ్మకు నలభై ఎనిమిదేళ్లు. మొగుడు తవిటయ్య పోర్టులో సరుకు మోసే కళాసీ. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చి కంచరపాలెంలో స్థిరపడ్డారు. అత్తగారు గంగాలమ్మ ఆ పల్లెలో ఒకప్పుడు గణాచారి. అంటే పండగల్లో అమ్మవారు ఆమె మీదకి వచ్చి పలికేది, ఊరంతా చేతులు కట్టుకుని వినేది. ఇప్పుడు ముసలిదైపోయి పెరట్లో కూర్చుని కోడలికి వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తోంది.

నారాయణమ్మకు ఏడాదిగా నెలసరి గతి తప్పింది. దానికి తోడు ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మెడ మీదుగా నెత్తికెక్కడం మొదలైంది. నిద్ర లేదు. ఊరికే ఏడుపొస్తుంది, ఊరికే కోపమొస్తుంది. మొన్నామధ్య నడి మధ్యాహ్నం వీధి కుళాయి దగ్గర ఆ సెగ పట్టుకుంది. ముఖం ఎర్రబడి, ఒళ్లంతా చెమటలు కారి, చేతులు వణికిపోతుంటే తట్టుకోలేక నిండు బిందె నెత్తిన కుమ్మరించుకుంది. వెనక నిలబడ్డ నాగమణి, "ఓలమ్మో, అమ్మోరు!" అని కేకపెట్టి కాళ్ల మీద పడిపోయింది. పడ్డది ఊరుకుందా? "కలకత్తా ఎల్లిన నా మొగుడి లారీ ఎప్పుడొత్తాదమ్మా?" అని అడిగింది. ఒంట్లో నిప్పులు చెరుగుతుంటే ఒకరి లారీ గొడవ ఎవరికి కావాలి? "ఒత్తాది పో!" అని విసుక్కుంది నారాయణమ్మ. ఆ సాయంత్రమే లారీ వచ్చి వీధి చివర ఆగింది. దాంతో నారాయణమ్మ బతుకు ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఆనాటి నుంచి ఇంటి ముందు కొబ్బరికాయలు, పసుపు నీళ్ల చెంబులు. రేపు మంగళవారం పీట వేసి, డప్పులు పెట్టించి, వీధి వీధంతా వచ్చి అడగాల్సినవి అడుగుతారట. తవిటయ్య కాళ్లు నేల మీద ఆనడం లేదు. "గణాచారి కొడుకునీ నానే, గణాచారి మొగుడ్నీ నానే బావా" అని పోర్టంతా చెప్పుకు తిరుగుతున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని పెళ్లాం అడిగితే, "అమ్మోరికి సూదిమందేటే? కళ్లు పోతాయి" అన్నాడు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఒకటుంది. నాగమణికి రెండు నెలలుగా నెత్తురు ఆగడం లేదు. మనిషి పాలిపోయింది. ఈ సంగతి ఒక్క నారాయణమ్మకే చెప్పింది. ఆస్పత్రికి పదవే అంటే, "మంగళారం అమ్మోర్ని అడుగుతానప్పా. అమ్మోరు ఎల్లమంటే ఎల్తాను, ఒద్దంటే ఆస్పత్రి గుమ్మం తొక్కను" అంది. ఆ అమ్మోరు ఎవరయ్యా అంటే ఈ నారాయణమ్మే. అదీ ఆమె కడుపులో దిగబడిన ముల్లు.

*

డాక్టర్ రషీదా తన ఇంటి ముందుగదిలోనే రోగుల్ని చూస్తుంది. పాత పోస్టాఫీసు వెనక సందులో మేడ. కిటికీలోంచి చూస్తే ఓడల కొసలు కనిపిస్తాయి. బెంచీ మీద బురఖాలు వేసుకున్న వాళ్లు, వేసుకోని వాళ్లు, చంకలో పిల్లలున్న వాళ్లు కలగాపులగంగా కూర్చున్నారు. డాక్టరుకి పెళ్లి కాకముందు నుంచీ షరీఫున్నీసా బట్టలు కుడుతోంది కాబట్టి వీళ్లని ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు.

"చెప్పమ్మా, ఏమిటి బాధ?" అంది డాక్టరు.

నారాయణమ్మ నేల చూపులు చూసింది. చివరికి షరీఫున్నీసా అందుకుంది.

"ఈమె మీదకి అమ్మోరొచ్చిందని ఈదంతా అంటన్నారండీ."

డాక్టరు నవ్వుతుందని నారాయణమ్మ భయపడింది. నవ్వితే లేచి వచ్చేద్దామనుకుంది కూడా. డాక్టరు నవ్వలేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

"వీధి సంగతి సరే. నీకేమనిపిస్తోంది?"

ఆ ఒక్క ప్రశ్నకి నారాయణమ్మ భళ్లుమని ఏడ్చేసింది. ఇన్నాళ్లుగా అందరూ ఆమెని లారీల గురించి అడిగారు, పెళ్లి సంబంధాల గురించి అడిగారు, స్టీల్ ప్లాంట్లో ఉద్యోగం వస్తుందా రాదా అని అడిగారు. నీకెలా ఉందని అడిగిన మొదటి మనిషి ఈవిడే. ఏడుస్తూనే అంతా చెప్పింది. సెగ సంగతి, నిద్ర సంగతి, గుండె దడ సంగతి, కూరలో ఉప్పు వేశానో లేదో మర్చిపోయి రెండుసార్లు వేసి మొగుడితో తిట్లు తిన్న సంగతి, చివరికి ఎంతో సిగ్గుపడుతూ నెలసరి సంగతి.

డాక్టరు రక్తపోటు చూసింది. కళ్ల కింద రెప్పలు లాగి చూసింది. తెర వెనకకి తీసుకెళ్లి పరీక్ష చేసింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"నీకు ఏ రోగమూ లేదమ్మా. నెత్తురు కొంచెం తక్కువగా ఉంది, అంతే. నీకు ముట్లుడిగిపోతున్నాయి. లోపల ఇన్నేళ్లూ జరిగిన పని ఆగిపోయేటప్పుడు ఒళ్లు కొన్నాళ్లు గోల చేస్తుంది. ఆ సెగ, ఆ చెమట, ఆ దడ, అన్నీ దానివే. కొందరికి కొద్దిగా వస్తుంది, కొందరికి ఎక్కువ. మెల్లగా తగ్గిపోతుంది."

"అంటే నాను ముసిల్దాన్నైపోనానేటమ్మా?"

"నాకు యాభై ఒకటి. నేను ముసలిదానిలా ఉన్నానా?"

నారాయణమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. "నేదు గానీ, మీకు పంకా ఉన్నాది కదా."

అనడమేమిటి, ఠక్కున కరెంటు పోయింది. పంకా రెండు తిప్పులు తిరిగి నిలిచిపోయింది. డాక్టరు ముఖంలో రంగు మారింది. మెడ దగ్గర్నుంచి ఎరుపు పాకింది, నుదుట చెమట బొట్లు పుట్టాయి. ఆవిడ బల్ల మీద అట్ట ముక్క వెతుక్కునే లోపల నారాయణమ్మ లేచి తన పైట చెంగుతో గబగబా విసరడం మొదలుపెట్టింది.

"ఓలప్పో, మీ మీదకీ ఒచ్చీసింది!"

డాక్టరు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. షరీఫున్నీసా కూడా గొంతు కలిపింది. "నాకొచ్చినప్పుడు మావోళ్లు జిన్ను పట్టిందన్నారండీ. దండచేతికి తాయెత్తు కట్టీసినారు. మీకు అమ్మోరు, మాకు జిన్ను. అసలు సంగతి ఎవులూ సెప్పరు కదా!"

తెర బయట బెంచీ మీద ఉన్న ఆడవాళ్లు చెవులు రిక్కించి వింటున్నారని ముగ్గురికీ తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు. పైగా బయట నుంచి కూడా ఎవరో కిసుక్కుమన్నారు.

కరెంటు వచ్చాక డాక్టరు మళ్లీ డాక్టరయింది. నెత్తురు పట్టడానికి మాత్రలిచ్చింది. సెగకి కూడా మందులున్నాయనీ, అవి అందరి ఒంటికీ సరిపడవనీ, ముందు ఒక నెల చూసి తర్వాత ఆలోచిద్దామనీ చెప్పింది. పలచటి నూలు చీరలు కట్టుకోమంది. వేడి వేడి టీ తగ్గించమంది. టీ మాట వినగానే నారాయణమ్మకు మళ్లీ ఏడుపొచ్చినంత పనయింది.

"ఇంకేమైనా ఉందా?"

ఉంది. నారాయణమ్మ నాగమణి సంగతి చెప్పింది. పేరు చెప్పలేదు, మా ఈదిలో ఒకామె అంది. వయసు నలభై దాటింది, రెండు నెలలుగా ఆగడం లేదు, మెట్లెక్కితే ఆయాసపడుతోంది అని చెప్పింది.

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. "నీది వేరు, ఆమెది వేరు. చిన్నదే కావచ్చు, పెద్దదీ కావచ్చు. చూడకుండా చెప్పలేను. కానీ ఆలస్యం చేయకూడదు. రేపే తీసుకురా."

"రేపు మంగళారమమ్మా. అమ్మోరు ఎల్లమంటేనే ఒత్తాదంట."

"పీట మీద కూర్చునేది నువ్వే కదా?"

నారాయణమ్మ అదిరిపడింది. "అమ్మోరి పేరు సెప్పి అబద్ధమాడతానా? సింహాసలం పేరు సెప్పి ఒచ్చినందుకే నాకు పేనం కొట్టుకుంటంది."

"అది నేను చెప్పగలిగేది కాదు. అది నీకూ మీ అమ్మవారికీ మధ్య ఉన్న సంగతి. నేను చెప్పేది ఒకటే, ఆమెని తీసుకురా."

*

వీధి మొదట్లోనే డప్పు వినిపించింది. ఇంకా ఎండ తగ్గలేదు. తవిటయ్య పోర్టు నుంచి ముందే వచ్చేసి, నెత్తికి తువ్వాలు చుట్టి, చాటింపు వేయిస్తున్నాడు. ఇంటి ముందు తాటాకు పందిరి లేచింది. దాని కింద పసుపు రాసిన పీట కూడా వేసేశారు. షరీఫున్నీసా నారాయణమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి తన కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది.

నారాయణమ్మ వీధి గుమ్మం వదిలేసి పక్క సందులోంచి పెరట్లోకి దూరింది. దొంగకి తేలు కుట్టినట్టు చప్పుడు చేయకుండా కాళ్లు కడుక్కుంటుంటే, చింతపండు గింజలు తీస్తున్న గంగాలమ్మ తలెత్తకుండానే పలకరించింది.

"కొండెక్కి ఒచ్చినావేటే?"

"ఒచ్చినానత్తా."

"ఇలా రా. దగ్గరికి రా."

నారాయణమ్మ దగ్గరికి వెళ్లింది. ముసలామె రెండుసార్లు గాలి పీల్చింది.

"కొండ నుంచి ఒచ్చినోళ్ల దగ్గర సంపెంగలు వాసనేత్తాయి. నీ దగ్గర ఆస్పత్రి వాసనేత్తంది."

ఇక దాచి లాభం లేదు. నారాయణమ్మ అత్తగారి ఎదురుగా నేల మీద చతికిలబడింది. తిడుతుంది, అరిచి కొడుకుని పిలుస్తుంది అనుకుంది. పిలిస్తే పిలవనీ, అని కూడా అనుకుంది. ఏడుపు డాక్టరు దగ్గరే అయిపోయింది కాబట్టి గొంతు స్థిరంగానే వచ్చింది.

"అత్తా, నా మీదకొచ్చింది అమ్మోరు కాదు. ముట్లాగిపోతన్నాయంట. ఈ సెగ దానిదేనంట. డాక్టరమ్మ సూసి సెప్పినాది."

గంగాలమ్మ ఇంకో చింతగింజ తీసి పక్కన పెట్టింది.

"నాకు తెల్దేటే?"

"నీకు తెలుసా!"

"నీకు కుళాయి దగ్గర ఒచ్చినాది. నాకు వరి కోతల్లో ఒచ్చినాది. ఒళ్లంతా మంటెత్తి సేలో నీళ్లలో పడి దొర్లినాను. ఊరోళ్లు సూసి పసుపు నీళ్లు పోసి పీటెక్కించీసినారు. డాక్టరా, మందా? ఆ రోజుల్లో మన ఊళ్లో పశువులకి కూడా డాక్టరు ఉండీవోడు కాదు."

నారాయణమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఈ ముసలామె ఎదుట ఒక్కసారైనా గట్టిగా తుమ్మలేదు. అమ్మవారు పలికిన నోరని భయం. ఆ నోరే ఇప్పుడు చింతపండు వాసనల మధ్య ఇంత తేలిగ్గా మాట్లాడుతోంది.

"మరి అన్నేళ్లూ నువ్వు పలికినదంతా..."

"ఆగు. తొందరపడి మాటనకు." గంగాలమ్మ వేలు చూపించింది. "సెగ వేరు, అమ్మోరు వేరు. మొదట ఒచ్చింది సెగే. తరవాత తరవాత నిజంగా అమ్మోరు కూడా ఒచ్చినాది, కొన్నిసార్లు. ఆ తేడా నాకు తెలుసు. ఒచ్చినప్పుడు నాకేటీ గేపకం ఉండీది కాదు. రానప్పుడు అన్నీ గేపకమే."

"రానప్పుడు ఏటి సేసీదానివి?"

ముసలామె బోసినోటితో నవ్వింది. "నాకు తోసింది సెప్పీదాన్ని. మీ మావ సారా మానీమన్నాను, ఏడాది మానీసినాడు. చెరువు గట్టు తెగిపోతంది, మట్టెయ్యండి అన్నాను, మగోళ్లంతా తట్టలట్టుకుని పరిగెట్టినారు. అదే ముక్క కింద నిలబడి సెప్తే నోర్ముయ్యవే అనీవోరు. నా మొగుడు నా మాట ఇన్నది ఆ పీట మీద నుంచే."

నారాయణమ్మకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ముసలామె ముడతల చెయ్యి ఒకసారి పట్టుకోవాలనిపించింది. చెయ్యి చాపింది కూడా. గంగాలమ్మ ఆ చెయ్యి చరిచి పక్కకి తోసేసింది.

"ముద్దులు తరవాత. నీకు సెగ తప్ప ఇంకేటీ రానేదని నాకు మొదటి రోజే తెలుసు. నీ అంతట నువ్వు ఎప్పుడు సెప్తావా అని సూత్తన్నాను. రేపు ఆ పీట మీద కూకుని అమ్మోరి గొంతు పెట్టినావంటే జనం ముందరే అబద్ధమని సెప్పీగల్ను. కోడలివని సూడను."

"నువ్వు సెయ్యనేదేటి?"

"సేసినాను. అందుకే సెప్తన్నాను. ఒకసారెక్కితే దిగనివ్వరే. నీ కడుపు నొప్పి నువ్వు సెప్పుకోడానికుండదు. అమ్మోరికి కడుపు నొప్పేటంటారు. పదిహేనేళ్లు అలాగే పడినాను."

ఆ చివరి మాట అంటూ ముసలామె గబగబా నాలుగు గింజలు తీసి పక్కన పడేసింది. చింతపండు మీదకి వంగిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ఆమెకి నొప్పే. నారాయణమ్మకు తన అత్తగారి మీద మొట్టమొదటిసారి ప్రేమ పుట్టింది. ఈ మాట నేను ఊరికే రాయడం లేదు, నిజంగానే పుట్టింది.

"పీటెక్కనత్తా. కానీ నాగమణి సంగతేటి సెయ్యను?" అని, ఆ కథంతా చెప్పింది. రెండు నెలల సంగతి, డాక్టరు ముఖంలో నవ్వు పోయిన సంగతి, అమ్మోరు చెప్తేనే వెళ్తానన్న సంగతి. "పీటెక్కకపోతే అది ఆస్పత్రికి రాదు. ఎక్కితే నువ్వు ఊరుకోవు. నాను ఊరుకున్నానంటే అది సచ్చిపోద్ది."

గంగాలమ్మ చేతిలో చింతపండు పక్కన పడేసింది.

"ఆ ముక్క ముందు సెప్పవేటే, బుద్ధి నేనిదానా!"

ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. ముడి విప్పింది. నెరిసిన జుట్టు వీపంతా పరుచుకుంది. నారాయణమ్మ "అత్తా, అత్తా" అంటూ వెంటపడుతుండగానే నడవా దాటి, వీధి గుమ్మం దాటి, చాటింపు డప్పు మోగుతున్న చోటికి నడిచి వెళ్లిపోయింది.

*

ముసలామె పీట మీద నిలబడి ఒక్క కేక పెట్టింది. డప్పు వాయించేవాడు బెదిరిపోయి ఇంకా గట్టిగా వాయించాడు. ఇళ్లలోంచి జనం బిలబిలమంటూ వచ్చేశారు. తవిటయ్యకి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత కొబ్బరికాయ పుచ్చుకుని పరిగెత్తాడు.

"అమ్మ ఒచ్చింది! మాయమ్మ మీదకి అమ్మ ఒచ్చింది!"

"నాగమణీ!" అంది గంగాలమ్మ.

పాలిపోయిన నాగమణి పసుపు నీళ్ల చెంబుతో వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. మెట్లు దిగి నాలుగడుగులు వేసినందుకే ఆమెకి ఊపిరందడం లేదు. వెనకాలే ఆమె మొగుడు దొరబాబు, లారీ డ్రైవరు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ఆస్పత్రికెల్లు. పాతపట్నం ఎల్లు. నా కోడలు తీసుకెల్తాది. ఎవులాపినా నా ఆన!"

నా కోడలు అనడం అమ్మవారి మర్యాద కాదు. అది గమనించేంత తీరిక జనానికి లేకపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నారాయణమ్మకు సెగ వచ్చింది. పరిగెత్తి వచ్చిన అలసట, చుట్టూ జనం, చెవుల్లో డప్పు. గుండెల్లోంచి మంట లేచి నెత్తికెక్కింది. ముఖం ఎర్రబడింది. చెమటలు ధారలు కట్టాయి. పందిరి గుంజ పట్టుకుని వణుకుతూ నిలబడిపోయింది.

"ఓలమ్మో, కోడలి మీదకీ ఒచ్చీసింది!" అని ఎవరో కేకేశారు.

జనం రెండుగా చీలిపోయారు. సగం మంది ముసలామె కాళ్ల దగ్గర, సగం మంది నారాయణమ్మ కాళ్ల దగ్గర. తవిటయ్య ఎత్తిన కొబ్బరికాయ ఎత్తినట్టే పట్టుకుని తల్లి వంక ఒకసారి, పెళ్లాం వంక ఒకసారి చూశాడు. పోర్టులో ఎన్ని ఓడలొచ్చినా అతనికి ఇంత చిక్కు ఎప్పుడూ రాలేదు.

దొరబాబు ముందుకొచ్చాడు. "ముసిలమ్మ పలికి పదిహేనేళ్లయ్యింది బావా. ఇప్పుడు పలికే అమ్మోరు నారాయణమ్మ. నా లారీ ఒత్తాదని సెప్పింది ఆవిడే. ఆవిడ ఎల్లమంటేనే నా పెళ్లాం ఆస్పత్రికెల్తాది, నేకపోతే నేదు."

నాగమణి మోకాళ్ల మీదే నారాయణమ్మ వైపు తిరిగింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"సెప్పమ్మా. ఎల్లమంటావా, ఒద్దంటావా?"

నారాయణమ్మ అత్తగారి వంక చూసింది. పీట మీద ఊగుతున్న గంగాలమ్మ ఒక కన్ను కొంచెం తెరిచి, ఊ అను, ఊ అనేసెయ్ అన్నట్టు గడ్డం ఆడించింది. కొంచెం ముందు జనం ఎదుట సెప్పీగల్ను అన్న మనిషే! ఒక్క మాట చాలు. ఎల్లు అంటే నాగమణి రేపు బస్సెక్కుతుంది. అంతా సుఖమే.

కానీ ఎల్లుండి ఇంకొకామె వస్తుంది. ఆమెకి ఏ రోగమో నారాయణమ్మకు ఏం తెలుసు? మొన్న విసుగ్గా అన్న మాటకి లారీ వచ్చింది సరే, రాకపోతే? ఎవరి ప్రాణం మీదకో వచ్చే మాట ఒకటి తన నోట్లోంచి జారితే? ఆ సెగలో కూడా ఆమెకి ఈ సంగతి స్పష్టంగా కనిపించింది. తన ఒంట్లో ఏం జరుగుతోందో తనకి తెలుసు. అది తెలియడం ఎంత హాయిగా ఉందో ఇవాళే తెలిసింది. ఆ హాయిని ఎవరి కోసమూ వదులుకోదలచుకోలేదు.

గుంజ వదిలి నిటారుగా నిలబడింది.

"నాగమణీ, నాను అమ్మోర్ని కాదు. నాను నారాయణమ్మని. నాకు ముట్లాగిపోతన్నాయి. ఈ సెగ దానిది. ఇయ్యాల కొండకెల్లనేదు, డాక్టరమ్మ కాడికెల్లినాను. నీ సంగతి కూడా సెప్పినాను. ఆలీసం సెయ్యొద్దన్నాది. రేపు నాతో రా."

డప్పు ఆగిపోయింది. మగవాళ్లు తలలు వంచేసుకున్నారు. కొందరు ఆకాశం వంక చూశారు. అలాంటి మాట ఆ వీధిలో పట్టపగలు మగాళ్ల ముందు ఎవరూ అనలేదు. గంగాలమ్మ రెండో కన్ను కూడా తెరిచేసింది. తవిటయ్య చేతిలోంచి కొబ్బరికాయ జారి, పగలకుండా దొర్లుకుంటూ పోయింది.

"పద ఇంటికి," అన్నాడు దొరబాబు, నాగమణి జబ్బ పట్టుకుని. "ఇన్నాళ్లూ మనల్ని ఎర్రోళ్లని సేసినాది."

నాగమణి ఆ చేతి వంక చూసింది. అది మెల్లగా విడిపించుకుంది. చెంబు కింద పెట్టి, గుంజ ఆసరాతో లేచి, ఆయాసం తీర్చుకుని, నారాయణమ్మ ముఖంలోకి సూటిగా చూసింది.

"అప్పా, ఓ మాటడగాల," అంది. "అమ్మోర్ని కాదు. నిన్ను."

ఏమడిగిందో వచ్చే వారం చెప్తాను.